పంగిడి నల్లరాయి, ధవళేశ్వరం ఎర్రరాయి: పిల్లలతో ఒక్కరోజు రాళ్ల యాత్ర చేయడం ఎలా

కోనసీమలో బావి తవ్వితే ఒండ్రు, దాని కింద ఇసుక, బంకమన్ను, మళ్లీ ఇసుక. రాయి తగలదు. రోడ్డుకు పోసే కంకర, పునాదిలో వేసే బండ, ఏటిగట్టుకు పేర్చే రాయి అన్నీ ఎగువ నుంచి లారీల్లో దిగినవే. అందుకే అమలాపురం, రాజోలు, పాలకొల్లు వైపు పిల్లలకు రాయంటే రోడ్డు పక్కన కుప్పగా పోసిన సరుకు. అది భూమిలో పొరలుగా ఉంటుందనీ, ఆ పొరలకు ఒక వరస ఉంటుందనీ పుస్తకంలో చదవడమే తప్ప చూసే వీలు లేదు. ఆ వీలు డెల్టా తల దగ్గర, గోదావరికి రెండు గట్ల మీదా ఉంది. బడి పిల్లలనైనా ఇంటి పిల్లలనైనా ఒక్కరోజులో తీసుకెళ్లి చూపించి తీసుకురావచ్చు.

వెళ్లే దారి ఇది. పొద్దున ధవళేశ్వరం, పది గంటలకల్లా గోదావరి దాటి పంగిడి–గౌరీపట్నం క్వారీలు, మధ్యాహ్నం నుంచి గుంటుపల్లి గుహలు. అంత తిరిగే ఓపిక లేకపోతే గుంటుపల్లి వదిలేయండి. పంగిడి మాత్రం వదలకండి, యాత్రకు ప్రాణం అక్కడే ఉంది.

పిల్లలు ఆ రోజు పట్టుకోవాల్సిన సంగతి ఒక్కటే: ఏ పొర కింద ఉంది, ఏది పైన ఉంది. రాళ్ల పేర్లు, వయసులు తర్వాత నేర్చుకోవచ్చు. వరస కంటికి పట్టకపోతే పేర్లు ఎన్ని చెప్పినా నిలవవు.

ముందు మీరు తెలుసుకోవాల్సింది

పంగిడి, గౌరీపట్నం, దుద్దుకూరు చుట్టూ క్వారీల్లో తవ్వే నల్లరాయి లావా. దక్కన్ పీఠభూమి మీద పరుచుకున్న లావాకు ఇది తూర్పు చివర. సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ల కిందట పడమటి కనుమల వైపు పుట్టి, దాదాపు 1000 కిలోమీటర్లు ప్రవహించి ఇక్కడిదాకా వచ్చింది. రాతిలోని రసాయనాల పాళ్లు మహాబలేశ్వర్ ప్రాంతపు లావాతో సరిపోలడం వల్ల ఈ సంగతి తెలిసింది. భూమి మీద ఇంత దూరం పారిన లావా జాడలు చాలా అరుదు. పాత నదీలోయలు పట్టుకుని వచ్చి ఉంటుందని భూగర్భ శాస్త్రవేత్తల అంచనా.

ఇక్కడి లావా ఒకే దఫాలో రాలేదు. కింద ఒక లావా, పైన ఒక లావా, రెంటికీ మధ్య గవ్వలూ ఆల్చిప్పలూ ఉన్న తెల్లటి సున్నపురాయి. అంటే మొదటి లావా చల్లారాక ఇక్కడికి ఉప్పునీళ్లు వచ్చాయి, అందులో జీవాలు బతికాయి, గుల్లలు అడుగున పేరుకుని రాయి కట్టింది, ఆ తర్వాత రెండో లావా వచ్చి కప్పేసింది. డైనోసార్లు అంతరించిన కాలం కూడా ఈ పొరల దగ్గరే ఉంది. గెర్టా కెల్లర్ అనే శాస్త్రవేత్త బృందం 2008లో ఈ క్వారీల సున్నపురాయిలో ఉన్న సూక్ష్మజీవుల గుల్లలు చూసి, అవి ఆ వినాశనం జరిగిన వెంటనే వచ్చిన కాలానివని తేల్చింది.

లావా మీద, చాలా కాలం తర్వాత నదులు తెచ్చి పోసిన ఇసుక గట్టిపడి ఎర్ర ఇసుకరాయి అయింది. శాస్త్రవేత్తలు దీనికి రాజమండ్రి ఇసుకరాయి అని పేరు పెట్టారు.

డెల్టా పిల్లలకు తప్పకుండా చెప్పాల్సిన మాట ఇంకొకటి ఉంది. ఈ పొరలన్నీ సముద్రం వైపు వాలుగా ఉన్నాయి. పంగిడిలో పైకి తేలిన నల్లరాయే కోనసీమ కింద చాలా లోతున పరుచుకుని ఉంది. చమురు, గ్యాస్ కోసం బావులు దింపినప్పుడు అది తగిలింది. భూగర్భ పటాల్లో ఆ లావా పొర పేరు రాజోలు. దాని పైపొరల్లో పాలకొల్లు, పాశర్లపూడి, మత్స్యపురి, భీమనపల్లి, నరసాపురం పేర్లున్నవి ఉన్నాయి. రాజోలు పిల్లకు తన ఊరి పేరున్న రాయిని చేతిలో పెట్టి ఈ మాట చెప్పండి.

వెళ్లే వేళ, మనుషులు, సామాను

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు మంచి కాలం. వానాకాలంలో క్వారీ గుంతల్లో నీళ్లు నిలుస్తాయి, గోడల పైఅంచున ఎర్రమట్టి నాని జారిపడుతుంది. మార్చి నుంచి నల్లరాయి పొద్దున పదింటికే కాలుతుంది.

పన్నెండు మంది పిల్లలకు ఇద్దరు పెద్దలు ఉండాలి. ఒకరు ముందు నడిచి చెప్పాలి. రెండోవారు చెప్పే పనిలో తలదూర్చకుండా వెనక నడుస్తూ, అంచుల దగ్గరికి ఎవరూ పోకుండా చూసుకోవాలి. పెద్దలిద్దరూ ఒకే రాయి మీద వంగి మాట్లాడుకుంటున్నప్పుడే ఎవడో ఒకడు గుంత అంచుకు వెళ్తాడు.

మనిషికి రెండు లీటర్ల నీళ్లు, కాలిని పూర్తిగా కప్పే బూట్లు, టోపీ, ముక్కుకు కట్టుకోవడానికి రుమాలు కావాలి. చెప్పులతో ఎవరినీ దింపకండి. పగలగొట్టిన నల్లరాయి అంచు గాజుపెంకులా కోస్తుంది. అందరికీ కలిపి ఇవి పట్టుకెళ్లండి: పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దాలు మూడు, అంగుళంన్నర ఇనప మేకులు నాలుగైదు, చిన్న అయస్కాంతం ఒకటి, దాన్ని వేలాడదీయడానికి జానెడు దారం, మందుసీసాలో తెల్ల వెనిగర్, చొక్కాలు ఇస్త్రీ చేసేటప్పుడు నీళ్లు కొట్టే స్ప్రే సీసా, పాత దినపత్రికలు, మార్కర్ పెన్ను, పిల్లకొక నోటుబుక్కు, పెన్సిలు. సుత్తి వద్దు. నల్లరాయిని సుత్తితో కొడితే పెచ్చు కంటికి ఎగురుతుంది. క్వారీలో పగిలిన ముక్కలు కావలసినన్ని ఉంటాయి కాబట్టి కొట్టే అవసరం కూడా లేదు. హైడ్రోక్లోరిక్ ఆసిడ్ కూడా పిల్లల బస్సులో ఎక్కించకండి, వెనిగర్ సరిపోతుంది.

ముందురోజు చేయాల్సిన పని ఒకటుంది, అది మానితే ప్రయాణం దండగ. క్వారీ సూపర్‌వైజర్ని గానీ మేస్త్రిని గానీ కలిసి అడగాలి. ఉన్నమాట చెప్పండి: "పిల్లలకి రాయి పొరలు చూపిద్దామని వస్తున్నామండి. గుంతలోకి దిగం, పైనుంచి చూసి, పక్కన పారబోసిన కుప్పలో రెండు ముక్కలు ఏరుకుని వెళ్తాం." పేలుళ్లు ఏ వేళకు పెడతారో, ఏ వైపు గోడ మీద పని లేదో, టిప్పర్లు ఏ దారిన తిరుగుతాయో అడిగి తెలుసుకోండి. పేలుళ్లు ఉన్న పూట కనీసం 500 మీటర్ల అవతల ఉండాలి. ఒప్పుకోని క్వారీ గేటు దాటకండి. పక్కన ఇంకో క్వారీ ఉంటుంది.

ధవళేశ్వరంలో గంట

ఏడున్నరకల్లా బ్యారేజీ దగ్గర దిగండి. ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852కల్లా ఆనకట్ట కట్టడానికి ఈ చోటు కుదిరిందంటే, పక్కనే కొండ ఉండి రాయి దొరకడం ఒక పెద్ద కారణం. కొండ నుంచి ఏటిదాకా రాయి మోయడానికి పట్టాలు వేశారు. గోదావరి ఇక్కడ కొండల్ని వదిలి పాయలుగా విడిపోతుంది. ఎగువకు నిలబెడితే కుడివైపు, ఎడమవైపు మెట్ట కనిపిస్తుంది. దిగువకు తిప్పితే అంతా పల్లం. ఈ రెండు చూపులూ పిల్లలకు చూపించి అప్పుడు రాయి దగ్గరికి తీసుకెళ్లండి.

ఊళ్లో కొండ వైపు ఎర్ర ఇసుకరాయి పైకి తేలిన చోట్లు ఉన్నాయి. ఇళ్ల గోడలూ గుడి మెట్లూ వదిలి, రోడ్డు కోతలో బయటపడ్డ రాయిని ఎంచుకోండి. వేలితో రాపించండి, ఇసుక రేణువులు రాలతాయి. భూతద్దంలో పెడితే రేణువులు విడివిడిగా, వాటి మధ్య ఎర్రటి తుప్పు అంటుకుని కనిపిస్తుంది. ఆ తుప్పే ఇసుకను పట్టి ఉంచిన జిగురు, రంగు కూడా దానిదే. కొన్నిచోట్ల గులకరాళ్ల వరసలు ఉంటాయి. నీటి వేగం పెరిగినప్పుడు గులకలు, తగ్గినప్పుడు సన్న ఇసుక దిగుతాయని అక్కడే చెప్పండి. ఏటవాలు గీతలు కనబడితే ఆ గీతలు ఏ వైపు దిగుతున్నాయో చేత్తో చూపించమనండి. పాత ఏరు పారిన దిక్కు అదే.

ఇక్కడ ఎక్కువ సేపు ఆగకండి. పిడికెడు ఎర్రరాయి ముక్క ఒకటి సంచిలో వేసుకుని బయల్దేరండి, పంగిడిలో దాంతో పని ఉంది.

పంగిడి దగ్గర రెండు గంటలు

కొవ్వూరు నుంచి దేవరపల్లి రోడ్డు పట్టుకుంటే అరగంటలో పంగిడి దాటి గౌరీపట్నం చేరతారు. నిర్మలగిరి కొండ మీది మరియమ్మ క్షేత్రం దారికి గుర్తు. రోడ్డంతా క్రషర్ల దుమ్ము, టిప్పర్ల జోరు. బస్సు రోడ్డు మార్జిన్లో ఆపకుండా, ముందుగా మాట్లాడిన క్వారీ ఖాళీ స్థలంలోకి పోనివ్వండి.

గుంత అంచు నుంచి అయిదు మీటర్ల వెనక ఒక గీత గీసి, అది దాటకూడదని చెప్పండి. అవతలి గోడ బాగా కనబడే చోటు చూసుకోండి. ఎండ గోడ మీద ఎదురుగా పడితే పొరలు తేలవు, పక్క నుంచి ఏటవాలుగా పడితే ప్రతి పొరా విడిగా తెలుస్తుంది. పది గంటల ప్రాంతంలో ఏ గోడకు పక్క ఎండ పడుతుందో ముందురోజు వెళ్లినప్పుడే చూసి పెట్టుకోండి.

ఇప్పుడు మీరేమీ చెప్పకండి. నోటుబుక్కు తీయించి, అవతలి గోడను గీయమనండి. పది నిమిషాలు ఇవ్వండి. రంగు మారిన ప్రతిచోటా అడ్డగీత పెట్టమని మాత్రం చెప్పండి. గుంతలో టిప్పరు ఉంటే దాన్ని కూడా గీయమనండి, గోడ ఎత్తు కొలవడానికి అదే కొలబద్ద. టిప్పరు ఎత్తు సుమారు మూడు మీటర్లు అనుకుంటే గోడ ఎన్ని టిప్పర్ల ఎత్తుందో లెక్క కట్టుకుంటారు. ముందే "ఇది లావా, అది సున్నపురాయి" అని చెప్పేస్తే వాళ్లు గోడను చూడరు, మీ నోటివైపు చూస్తారు. పొరలు ఎన్నని అడిగితే ఒకరు మూడంటారు, ఒకరు అయిదంటారు. ఆ తేడా మీద మాట్లాడించండి. లావాలోనే బాగా గట్టిగా ఉన్న భాగం, తుప్పు రంగుకు తిరిగి గుల్లబారిన భాగం వేరువేరు పొరల్లా కనబడతాయి. అయిదన్నవాళ్లు తప్పు చూడలేదు, ఒక రాయి రెండు రకాలుగా పాడవడాన్ని చూశారు.

అన్ని క్వారీల్లోనూ అన్ని పొరలూ కనబడవు. కొన్నిచోట్ల పైలావా మాత్రమే ఉంటుంది, కొన్నిచోట్ల కిందిదాకా తవ్వేసి నీళ్లు నిలిచి ఉంటాయి. మధ్యలో తెల్లటి పట్టీ కనబడే గోడే మీకు కావాలి. మేస్త్రిని "మధ్యలో తెల్లరాయి, గుల్లలున్న రాయి పడేది ఎక్కడండి?" అని అడిగితే సరైన చోటు చూపిస్తారు. వాళ్లకది పనికిరాని రాయి కాబట్టి ఎక్కడ పారబోశారో కూడా తెలుసు.

బొమ్మ అయ్యాక పారబోసిన కుప్ప దగ్గరికి నడిపించండి. నిలువు గోడ కిందకి మాత్రం ఎప్పుడూ పోకూడదు. గోడ ఎత్తెంతో కనీసం అంత దూరం ఎడంగా ఉండాలి. పేలుళ్లకు వదులైన రాయి మరో పేలుడు లేకుండానే జారుతుంది.

కుప్ప దగ్గర ముందు స్ప్రే సీసా తీయండి. క్రషర్ దుమ్ము పట్టి ప్రతి రాయీ సిమెంటు రంగులోనే ఉంటుంది. నీళ్లు కొట్టి రుద్దితే నల్లది నల్లగా, తెల్లది తెల్లగా బయటపడుతుంది. ఈ పని మానేసి రంగు చూసి వేరుచేయబోతే అన్నీ కలిసిపోతాయి.

నల్లరాయిని ధవళేశ్వరం ఎర్రరాయి పక్కన పెట్టి రెండు చేతుల్లో పట్టించండి. ఒకే సైజులో నల్లది బరువు ఎక్కువ తూగుతుంది. మేకుతో గీస్తే ఎర్రరాయి నుంచి ఇసుక రాలుతుంది, నల్లరాయి మీద మేకు గీసిన చోట తరచు ఇనపగీతే మిగులుతుంది. దారానికి అయస్కాంతం కట్టి, గాలి తగలకుండా అడ్డుపెట్టి, నల్లరాయి పక్కగా దించండి. కొన్ని ముక్కల వైపు అది మెల్లగా వాలుతుంది. లావాలో ఇనుముండే మాగ్నటైట్ గింజలున్నాయి. ఈ గింజలే లావా చల్లారేటప్పుడు ఆనాటి భూమి అయస్కాంత దిశను పట్టి ఉంచుకున్నాయి. కిందిలావాలో ఆ దిశ ఇప్పటితో పోలిస్తే తలకిందులుగా ఉంది, పైలావాలో ఇప్పటిలాగే ఉంది. ఇది చేతి దిక్సూచితో తేలే పని కాదు, ప్రయోగశాలలో కొలిచింది.

తర్వాత రంధ్రాలున్న నల్లరాయి వెతికించండి. లావాలోని వాయువులు పైకి లేచి బయటపడేలోగా రాయి గడ్డకడితే బుడగల గుర్తులు మిగిలిపోతాయి. అందుకే ఇవి లావా పైభాగంలో ఎక్కువ. కొన్ని రంధ్రాల్లో తర్వాతి కాలంలో నీళ్లు తెచ్చిన తెల్లటి ఖనిజాలు నిండి, నల్లరాయిలో మల్లెమొగ్గలు పొదిగినట్టుంటుంది. పిల్లలు వీటినే గవ్వలనుకుంటారు. వెనిగర్ వేస్తే కొన్ని పొంగుతాయి కూడా, ఎందుకంటే నిండిన ఖనిజం కాల్సైట్ అయితే అదీ సున్నమే. తేడా పట్టడానికి భూతద్దం పెట్టండి. గవ్వకు చుట్టలో, గీతలో, పెంకు మందమో ఉంటుంది. ఖనిజానికి మెరిసే పలకలు ఉంటాయి.

ఇక తెల్లరాయి. వెనిగర్ పరీక్ష ఎక్కువసార్లు విఫలమయ్యేది ఇక్కడే. రాయి మీద నేరుగా పోసి "ఏం కావట్లేదు" అని వదిలేస్తారు. వెనిగర్ బలహీనమైన ఆమ్లం, గట్టి రాయిపై మెల్లగా పనిచేస్తుంది. మేకుతో గీకి చెంచాడు పొడి తీసి, ఆ పొడి మీద నాలుగు చుక్కలు వేసి చెవి దగ్గర పెట్టుకోమనండి. బుసబుసమని వినబడుతుంది, సన్న నురగ కనబడుతుంది. పోల్చడానికి ఎర్రరాయి పొడి మీద కూడా వేయించండి. దానిలో చలనం ఉండదు.

గుల్లలు దొరికితే ఒక జాగ్రత్త. క్వారీ చుట్టూ పొలాల్లో నిన్నమొన్నటి నత్తల గుల్లలు కూడా తెల్లగా పడి ఉంటాయి. వాటిని వేళ్లతో నొక్కితే విరుగుతాయి, లోపల ఖాళీ. రాతిలోని గవ్వ బరువుగా ఉంటుంది, లోపల రాయి నిండి ఉంటుంది, చాలాసార్లు సగం రాతిలోనే కూరుకుని ఉంటుంది. దాన్ని ఊడదీయనివ్వకండి, రాతితో సహా తీసుకోవాలి. మొత్తం జట్టుకు ఒక గుల్లరాయి, రెండు నల్లరాళ్లు చాలు, అదీ కుప్పలోంచే. గోడలో ఉన్నది గోడలోనే ఉండాలి. వరస చెప్పేది గోడ, కుప్పలో అన్నీ తలకిందులై కలిసిపోతాయి.

బయల్దేరే ముందు గోడ పైఅంచున ఉన్న ఎర్రమట్టి వైపు చూపించండి. ఈ మట్టిలో నీళ్లు నిలవవు, అందుకే దేవరపల్లి, గోపాలపురం వైపు వరి బదులు వర్జీనియా పొగాకు, జీడిమామిడి చూస్తారు. పిల్లలు దారిపొడవునా చూసే, పొగాకును వేడితో ఆరబెట్టే బ్యారన్లకూ ఈ ఎర్రమట్టికీ సంబంధం ఉంది.

గోదావరి దాటలేనివాళ్లకు రాజమండ్రి ఉత్తరాన కాతేరు దగ్గర కూడా ఇదే నల్లరాయి ఉంది. అయితే అక్కడి పాత గుంతల్లో లోతైన నీళ్లున్నవి ఉంటాయి, చుట్టూ ఇళ్లు వచ్చేశాయి. చిన్నపిల్లల జట్టుకు నేను సిఫారసు చేయను.

గుంటుపల్లి

నల్లజర్ల, ద్వారకా తిరుమల, కామవరపుకోట మీదుగా గంటన్నర పైనే పడుతుంది. భోజనం దారిలో ముగించండి. గుంటుపల్లి గుహలు జీలకర్రగూడెం పక్కన కొండ మీద ఉన్నాయి. బౌద్ధ భిక్షువులు క్రీస్తుకు ముందే ఇసుకరాయిని తొలిచి చైత్యం (పూజామందిరం), నివాసాలు చేసుకున్నారు. భారత పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చోటు కాబట్టి మేకు, వెనిగర్, స్ప్రే సీసా బస్సులోనే వదిలేసి ఎక్కాలి. మూసే వేళ ముందే కనుక్కోండి.

నేరుగా గుండ్రటి చైత్యానికి నడవండి. లోపల పైకప్పు వాసాలు, దూలాలు వేసినట్టు ఉంటుంది, కానీ అంతా ఒకే రాయి. కట్టెతో కట్టే పూరిల్లు రూపాన్ని రాతిలో దించారు. మధ్యలో ఉన్న స్తూపాన్ని ఊరివాళ్లు ధర్మలింగేశ్వరుడని కొలుస్తారు, చెప్పులు బయట వదలండి. ఫోను టార్చిని గోడకు అంటుకునేంత దగ్గరగా, పక్కవాటంగా పట్టించండి. రాతిలోని ఇసుక పొరల గీతలు తేలతాయి. వాసాల గీత ఒక దిక్కు, రాతి పొర గీత ఇంకో దిక్కు పోతుంది. ఏది మనిషి చెక్కింది, ఏది నీరు పరిచింది అని అడిగి, వాళ్లే చెప్పేదాకా ఆగండి. పొద్దున మేకుకు రాలిన ఎర్రరాయి గుర్తుండే ఉంటుంది కాబట్టి, ఉలికి ఈ రాయి ఎందుకు లొంగిందో విడిగా చెప్పనక్కర్లేదు.

గుహల్లో తేనెపట్లు ఉంటే అటు పోకండి, అరవనివ్వకండి. చీకటి పడకముందే కొండ దిగాలి, మెట్ల మీద ఎండుటాకులు జారతాయి.

ఇంటికి చేరాక

ఏరిన ముక్కల్ని ఆ రాత్రే విప్పండి. వారం ఆగితే ఏది ఎక్కడిదో ఎవరికీ గుర్తుండదు. నల్లరాయిని నీళ్లతో, పాత టూత్‌బ్రష్‌తో కడగవచ్చు. గుల్లరాయిని నీళ్లలో నానబెట్టకండి, ఆరిన బ్రష్‌తో దుమ్ము దులిపితే చాలు. మెరుస్తుందని వెనిగర్‌తో అసలు కడగకండి, గుల్ల మీది గీతల్ని అది తినేస్తుంది. ప్రతి ముక్క అడుగున మార్కర్‌తో ఊరి పేరు, తేదీ, గోడలో ఏ పొర నుంచి వచ్చిందనుకుంటున్నారో రాయించి, పిల్లలు గీసిన గోడ బొమ్మతో పాటు ఒకే పెట్టెలో పెట్టండి.